పదకొండు సెకన్ల మంచు

జనవరి 26, సోమవారం

మంచు ఆగలేదు. కారు తుడిచేసరికి వేళ్లు మొద్దుబారిపోయాయి. మిషిగన్ మంచుకి స్కూలు రెండు గంటలు ఆలస్యంగా తెరిచారు.

క్లాసు తలుపు తీస్తే గదంతా తెల్లటి వెలుగు. లైటు వేయబుద్ధి కాలేదు. పిల్లలు కూడా ఎందుకో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఐదేళ్ల వాళ్లు ఇరవై మంది గొంతు తగ్గించడమంటే మాటలా...

ట్యాబ్లెట్లు ఇవాళే మొదలు. బొమ్మ గీయాలి, ఎర్ర బటన్ నొక్కి ఆ బొమ్మ కథ చెప్పాలి. నాలుగు బొమ్మలైతే ఒక పుస్తకం. టీచరు మిస్ కరోల్, నేను ఆవిడకి సాయం. కానీ ట్యాబ్లెట్ల దగ్గరికొచ్చేసరికి ఆవిడే నా వైపు చూస్తుంది. ఇండియన్ని కదా, కంప్యూటర్లు పుట్టుకతోనే వచ్చేసి ఉంటాయని ఆవిడ నమ్మకం. నేను చదివింది బోటనీ.

మన తెలుగువాళ్ల పిల్ల లాస్య బొమ్మ గీసింది. బటన్ నొక్కలేదు.

జనవరి 27, మంగళవారం

స్కూలు వదిలాక పికప్ లైన్లో లాస్య వాళ్లమ్మ స్వాతి కారు అద్దం దించుతుంది. రోజూ అదే ప్రశ్న — "ఇవాళేమన్నా మాట్లాడిందా అక్కా?" నేను తల అడ్డంగా ఊపుతాను. లాస్య వెనక సీట్లో ఎక్కి కూర్చుంటుంది, అదేదో వేరే పిల్ల సంగతైనట్టు. ఇంట్లో వసపిట్టట. క్లాసులో మాత్రం ఆగస్టు నుంచి ఒక్క మాట లేదు.

ఒక్క మాట లేదని అందరితో అంటాను గానీ, ఒకటుంది. మొదటి రోజు నన్ను చూడగానే "ఆంటీ!" అని పరిగెత్తుకొచ్చింది. వారానికోసారి కిరాణా కొట్లో కనబడే ఆంటీనే కదా మరి. స్కూల్లో ఆంటీ అనకూడదమ్మా, మిస్ సుధ అనాలి అన్నాను. మెల్లగానే అన్నాను.

ఆ తర్వాత ఏ పేరుతోనూ పిలవలేదు.

మార్చిలో మీటింగ్. అప్పటికీ నోరు విప్పకపోతే ఒకటో క్లాసుకి పంపాలా వద్దా అని పెద్దవాళ్లు కూర్చుని తేలుస్తారు.

జనవరి 29, గురువారం

ఇవాళ లాస్య బటన్ నొక్కింది.

కోట్లు తగిలించే మూల ఉంది కదా, అక్కడ ట్యాబ్లెట్ పట్టుకుని కూర్చుంది. వేలాడే జాకెట్ల వెనక. రెండు బూట్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. పిలవొద్దని మిస్ కరోల్‌కి సైగ చేశాను.

పిల్లలంతా లంచ్‌కి వెళ్లాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఆ గొంతు! కొంచెం బొంగురు. తెలుగే, మాటల చివర్లలో యాస మాత్రం ఈ ఊరిది.

మొదటి బొమ్మ: "ఇది మా హౌస్." రెండోది: "నేను విండో దగ్గరికి వచ్చాను." మూడోది: "స్నో, స్నో, నీకు చలి వేయట్లేదా?" తర్వాత ఏమీ లేదు. హీటర్ రొద. జాకెట్ జిప్పు ఎక్కడో తగిలిన చప్పుడు. చిన్న ఊపిరి. చాలాసేపయ్యాక నాలుగోది: "ఓకే. అయితే లోపలికి రా."

మూడుసార్లు విన్నాను. ఇడ్లీ డబ్బా తెరవనే లేదు.

సాయంత్రం స్వాతి అడగకముందే తల నిలువుగా ఊపాను. కారులో అలాగే ఏడ్చేసింది. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి, కొట్టనీ.

ఫిబ్రవరి 4, బుధవారం

శుక్రవారం మధ్యాహ్నం తల్లిదండ్రులొస్తారు. పెద్ద స్క్రీన్ మీద అందరి కథలూ. పిల్లకి ఒక్క నిమిషమే అంది మిస్ కరోల్. ఏతన్ డైనోసార్ల కథ ఆరు నిమిషాలు, దాన్ని కోసేసరికి ప్రాణం పోయింది.

లాస్య కథ కూడా కాస్త నున్నగా చేశాను. మధ్యలో ఆ ఖాళీ పదకొండు సెకన్లుంది. కత్తెర బొమ్మ నొక్కితే పోయింది. ఇప్పుడు గడగడా చెప్పినట్టుంది. ఎంత బావుందో.

ఫిబ్రవరి 6, శుక్రవారం

కిటికీల బ్లైండ్స్ దించేశాం. చీకట్లో చిన్న చిన్న కుర్చీల్లో పెద్దపెద్ద మనుషులు, మోకాళ్లు గడ్డానికి తగులుతూ. స్క్రీన్ వెలుగు అందరి మొహాల మీదా నీలంగా. నాకు అదంతా కలలో జరుగుతున్నట్టే ఉంది.

లాస్య కథ వచ్చింది. "నీకు చలి వేయట్లేదా? ఓకే. అయితే లోపలికి రా." అందరూ చప్పట్లు. స్వాతి కళ్లు తుడుచుకుంటోంది, వాళ్లాయన ఫోన్లో వీడియో తీస్తున్నాడు. నాకు ఛాతీ రెండింతలైంది.

లాస్య స్క్రీన్ వైపే చూస్తోంది. తర్వాతి పిల్లవాడి కథ మొదలైనా చూస్తూనే ఉంది. లేచి నా దగ్గరికొచ్చింది. నా స్వెటర్ అంచు పట్టుకుంది. నాతో, నా మొహం చూసి, ఇన్ని నెలలకి —

"స్నో మాట్లాడింది కదా. ఎందుకు తీసేశావ్?"

ఫిబ్రవరి 7, శనివారం

బియ్యం కడుగుతూ నీళ్లు పొంగిపోయేదాకా నిలబడ్డాను.

నేను ఖాళీ అనుకున్నది... అక్కడ మంచు జవాబు చెప్తోంది. ఆ పిల్ల వింటోంది. విన్నాకే కదా "ఓకే" అంది.

ఫిబ్రవరి 9, సోమవారం

ట్యాబ్లెట్ ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. బొమ్మలు కూడా వద్దట. బ్లాకులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తూ కూర్చుంది.

పాతది ఎక్కడైనా దొరుకుతుందేమోనని లంచ్ టైమంతా వెతికాను. నేను కోసి సేవ్ చేసిందే మిగిలింది, పాతదాని మీదే పడి దాన్ని చెరిపేసింది. సరేనని, కోసిన చోట పదకొండు సెకన్ల ఖాళీ పెట్టాను. లాస్యకి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా వింది, పాపం. తల అడ్డంగా ఊపింది.

నిజమే. అందులో హీటర్ లేదు, జిప్పు లేదు, తన ఊపిరి లేదు. మంచెక్కడుంటుంది?

ఫిబ్రవరి 10, మంగళవారం

ఈ పేజీకైనా నిజం చెప్పాలి.

లాస్య కథ మొత్తం నలభై ఎనిమిది సెకన్లే. నిమిషంలోపే ఉంది. ఎవరూ కోయమనలేదు. అంతమంది ముందు మన పిల్ల తడబడినట్టు కనిపించకూడదని కోశాను. "చూశారా, మా పిల్ల" అనిపించుకోవాలని. నేను అనిపించుకోవాలని! సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 11, బుధవారం

స్వాతికి చెప్పేశాను. కారు పక్కకి పెట్టించి, ఆ చలిలో నిలబడి. తిడుతుందనుకున్నాను. "నేనూ అంతే అక్కా," అంది. "లాస్య ఒక మాట దగ్గర ఆగితే చాలు, మిగతాది నేనే చెప్పేస్తాను."

వెనక సీట్లో లాస్య కిటికీ మీద ఊపిరి వదిలి వేలితో ఏదో గీస్తోంది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

వాన. మంచంతా కరిగిపోతోంది. ప్లేగ్రౌండ్లో బురద. మళ్లీ చెప్పమని అడుగుదామంటే ఇప్పుడు మంచు కూడా లేదు. లాస్య ముందు మోకాళ్ల మీద కూర్చుని, తప్పు నాదే అన్నాను. నువ్వు వింటున్నావని నాకు తెలియలేదు, అన్నాను.

నా ఐడీ కార్డు తాడు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. అంతే.

ఫిబ్రవరి 16, సోమవారం

సెలవు. ఫోన్లో వాతావరణం చూడటం... సాయంత్రంలోపు ఎనిమిదిసార్లు. మంచు పడాలని కోరుకుంటున్న మనిషిని ఈ మిషిగన్‌లో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఫిబ్రవరి 18, బుధవారం

పదిన్నరకి మంచు మొదలైంది. గాలి లేదు. పెద్ద పెద్ద రేకులు, తొందరేమీ లేనట్టు దిగుతున్నాయి. పిల్లలంతా కిటికీ దగ్గర.

లాస్య ట్యాబ్లెట్ల బుట్ట దగ్గరికి వెళ్లింది. తనే. ఒకటి తీసుకుని నా చెయ్యి పట్టుకుని జాకెట్ల వెనక్కి లాక్కెళ్లింది. ఇద్దరం నేల మీద, ఆ తడి ఉన్ని వాసనలో. అక్కడి నుంచి కిటికీ ముక్క కనిపిస్తుంది... నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఎర్ర బటన్ నొక్కింది.

"స్నో, స్నో, మళ్లీ వచ్చావా?"

ఆగింది. పది సెకన్లు. ఇరవై. అవతల మిస్ కరోల్ లైన్ కట్టమంటోంది. నలభై. నా మోకాలు పట్టేసింది, కదల్లేదు. అంకెలు పరిగెడుతూనే ఉన్నాయి, ఆపు అనలేదు. నిమిషం దాటాక లాస్యే ఆపింది. నా చెవి దగ్గరికి వంగింది.

"ఆంటీ, నీకు వినిపించిందా?"

ఆంటీ. నేను సరిచేయలేదు. వినిపించిందని చెప్పేయబోయి ఆగాను. లేదు నాన్నా, అన్నాను. కోపం రాలేదు. నన్ను జాలిగా చూసింది. ఇంటికెళ్లి స్నో ఏమంటోందో మళ్లీ విను, రేపు చెప్పు, అంది. హోంవర్క్ ఇచ్చిందన్నమాట నాకు.

స్కూలు వదిలాక పార్కింగ్‌లో కారు ఆపుకుని కూర్చున్నాను, స్టార్ట్ చేయలేదు. ఒళ్లో ఈ డైరీ. అద్దం దించే ఉంది, పేజీ మీద రేకులు పడి సిరా అక్కడక్కడా అలుక్కుంటోంది. ఇప్పటిదాకా ఏమీ వినిపించలేదు.

ఇంకాసేపు ఉంటాను.