బొటనవేలు కదిలిన రోజు

గంగామణి అక్కా,

నువ్వు పోయిన రెండేళ్లకు మీ ఆయన్ని పెళ్లి చేసుకుని బోధన్‌లో నీ ఇంటికి వచ్చాను. నిన్ను ఫొటోలో తప్ప చూడలేదు.

పక్షవాతంతో కాలు పడిపోయిన ఆయన్ని రోజూ బస్సులో నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. అక్కడ ఇన్‌ఫ్రారెడ్ దీపం వేడి కింద కాలికి వ్యాయామం చేయిస్తారు. "గీ వేడికి నెత్తురు మంచిగ పారుతది" అంటుంది నర్సమ్మ.

ఇవాళ నువ్వు పోయిన రోజు. ఇవాళే ఆయన బొటనవేలు కదిలింది. "గంగామణీ, సూసినవా!" అని సంతోషంతో అరిచాడు.

నా పేరు పుష్ప.

దీపం ఆపేసి బయటికి నడుద్దామన్నంత కుళ్లు పుట్టింది నాకు. కానీ ఆయన నా ముఖమే చూస్తున్నాడు. "సూసిన. ఇంకోపారి కదుపుండ్రి" అన్నాను. కదిపాడు.

నీ పేరున వచ్చిన కబురు నీకు చెప్పేశాను. ఆ వేలు కదలడం చూసింది మాత్రం నేనక్కా.