గీత మా కిటికీ కింద ఆగినందుకు

అయ్యా,

విషయం: పొగ తాగరాదని తమ ఆఫీసువారు గీసిన పసుపు గీతను మా కిటికీ కింద నుంచి తీయించడం గురించి.

నేను ముప్పై ఏళ్లుగా తమ ఆఫీసు రిజిస్టర్లు కుట్టి అట్టలు వేస్తున్నవాణ్ణి. ఎదురుపడి మాట్లాడడం చేతకాదు. అందుకే రాస్తున్నాను.

1. ఆఫీసుకు వంద గజాల లోపల ఎవరూ పొగ తాగరాదని తమరు ఉత్తర్వు ఇచ్చారు. మంచిదే. తమ మనుషులు ముందు గేటు దగ్గర టేపు పట్టి, రోడ్డు వెంట మలుపు తిరిగి, వెనక సందులో మా కిటికీ కింద వంద పూర్తిచేశారు. మా కిటికీకి ఎదురుగా ఉన్నది తమ ఆఫీసు వెనక గోడే. మధ్యన ఆరడుగులు. అట్ట కోసేటప్పుడు మేము నాలుగు వైపులా కొలుస్తాం, గోడ కూడా ఆఫీసే కదా అన్నాను. "గేటు నుంచే కొలవాలి తాతా, రూలు" అన్నాడు టేపు పట్టుకున్నతను.

2. ఇప్పుడు తమ సిబ్బంది అంతా గీత దాటి వచ్చి, మా కిటికీ చువ్వలకు వీపులు ఆనించి కాలుస్తున్నారు. నా భార్యకు ఉబ్బసం. ఉన్నది ఒక్క గది, ఒక్క కిటికీ. తీస్తే పొగ, మూస్తే ఉక్క. సోమవారం ఆమె పెదవులు నీలం తిరిగాయి. బయటికి వెళ్లి చెప్పాను.

"గీత ఇవతల మా ఇష్టం తాతా. మాకు మాత్రం స్వేచ్ఛ ఉండొద్దా?" అన్నాడు తమ గుమాస్తా.

"కిటికీ మీదే కదా, వేసుకోండి" అన్నాడు పక్కనున్నతను. అందరూ నవ్వారు. నేను లోపలికి వచ్చేశాను.

3. నలభై ఏళ్లు బీడీ కాల్చినవాణ్ణి. ఆ యావ ఏమిటో తెలుసు. మానెయ్యమని నేను అనను, వాళ్ల ఒళ్లు వాళ్లిష్టం. కానీ తమకు మంచి గాలి, వాళ్లకు స్వేచ్ఛ, రెండూ మా ఆవిడ ఊపిరి కోసి పంచారు.

4. గురువారం మధ్యాహ్నం తమరూ వచ్చారు. రెండు కాల్చారు. నన్ను చూసి తల తిప్పుకున్నారు.

కావున టేపు గోడ నుంచి పట్టించి, గీతను సందు చివర ఇళ్లు లేని చోటికి జరిపించవలెను. తమరు చిత్తగిస్తారన్న నమ్మకం లేదు. అయినా చిత్తగించవలెను.

ఇన్నాళ్లూ తమ విధేయుడు,
రిజిస్టర్లు కుట్టే ముసలివాడు,
వెనక సందు, కింది గది.

తా.క.: గీత జరిగేదాకా మా ఆవిడ రోజూ పదింటి నుంచి ఐదింటి దాకా తమ గది ముందు వరండాలో కూర్చుంటుంది. ఈ చుట్టుపక్కల పొగ లేనిది అక్కడే. ఈ ఉదయమే కూర్చోబెట్టాను. "పనిలేనివాళ్లు ఇక్కడ కూర్చోకూడదమ్మా" అన్నాడు తమ బంట్రోతు.

"పనుంది నాయనా" అంది మా ఆవిడ. "ఊపిరి పీల్చుకోవాలి."