మందుల షాపులో అడిగిన దారి

ఒరేయ్ తమ్ముడూ,

నిన్న మందుల షాపులో పదిమంది ముందు నిలబడి, “తాగుడు మానేవాళ్ళు కలుసుకునే చోటు ఎక్కడండీ?” అని అడిగావట. పొద్దున్నే ఎదురింటి పిన్ని వచ్చి, ముక్కు మీద వేలేసుకుని మరీ చెప్పింది. లైబ్రరీ మేడ మీద గదిలో అని షాపాయన చెప్పిన సంగతీ, అది ఈ సాయంత్రమే అన్న సంగతీ ఆవిడే మోసుకొచ్చింది.

నేను డ్యూటీకి వెళ్తున్నాను. వంట చేసి మూత పెట్టాను, తినే వెళ్ళు. నీలం చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేశాను. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగావంటే ఊరుకోను.

తెలియని వీధుల్లో గంటసేపు తిరుగుతావు గానీ ఒకరిని దారి అడిగే రకం కాదు నువ్వు. అలాంటివాడివి ఆ మాట గట్టిగా అడిగావంటే నా కడుపు నిండిపోయిందిరా. కాకపోతే ముందు నాకు చెప్పాల్సింది. సొంత అక్కని, పిన్ని నోట వినాలా?

అన్నట్టు, పిన్ని వెళ్తూ వెళ్తూ, “పరువు పోలేదుటే?” అంది.

“అది వాడు మురిక్కాలవ పక్కన పడున్న రోజే పోయింది పిన్నీ. నిన్న దాన్ని వెతుక్కోవడానికే దారి అడిగాడు” అన్నాను.