తొడ కొలత

అక్కా,

నువ్వూ బావా కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. నా సంగతి వింటే నవ్వుతావు. ముప్ఫై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కినవాడికి కాలు ఎత్తడం ఎలాగో ఇప్పుడొక పిల్ల నేర్పుతోంది.

గుడ్డల తాను దించబోయి స్టూలు మీంచి పడ్డాను కదా, తొడ కండ చిరిగిందని కట్టు కట్టారు. కట్టు విప్పాక మందో మాకో ఇస్తారనుకుంటే ఫిజియో గదికి తోలారు. ఆ అమ్మాయి మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని నొక్కి పట్టి పది లెక్కపెట్టమంది. వైద్యమట! టవల్‌తో కండలొచ్చేటట్టయితే రోజూ బట్టలు పిండే నీ మరదలు ఈపాటికి వస్తాదు అయ్యుండాలి. తర్వాత కాలు చాచి జానెడు ఎత్తాలట, పూటకి పదిహేనుసార్లు. చేసినప్పుడల్లా కాగితంలో టిక్కు పెట్టాలట. కాఫీ తాగుతూ రెండు వారాల టిక్కులూ ఒకేసారి పెట్టేశాను.

నిన్న తొడ కొలిచింది. టేపు ఎంత ఘోరంగా పట్టుకుందనుకున్నావ్! వదులుగా వేలాడుతోంది, పైగా మెలిక. "బాగా పెరిగిందండీ, పంతొమ్మిది అంగుళాలు" అని రాసుకోబోయింది. నాకు ఒళ్లు మండింది. "ఇలా తే అమ్మా, కొలతంటే ఏమిటో చూపిస్తా" అని లాక్కుని బిగువు చూసి కొలిచాను. పదిహేడున్నర. మొదటి రోజు డాక్టరు రాసింది పద్దెనిమిది.

ఆ పిల్ల టిక్కుల కాగితం చూసింది, నన్ను చూసింది. "ఇలాగే ఉంటే ఇక మిషన్ తొక్కలేరండీ" అంది.

నిజం నీకు గాక ఎవరికి చెప్పను? మొదటి రోజు ఇంట్లో ప్రయత్నించాను. కాలు లేవలేదక్కా. నీ మరదలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ ఆ జోలికి పోలేదు, ఇక పోను. మిషన్ అల్లుడికి ఇచ్చేస్తున్నాను. వాడు కుట్టిన కాలరు చూస్తే, ఆ చొక్కా వేసుకున్న మెడ మీద జాలేస్తుంది.

నీ తమ్ముడు,
అంగుళం

*

ఒరే అంగుళం,

చదివాను. టవల్‌ని తిట్టావు, టేపుని తిట్టావు, అల్లుణ్ణి తిట్టావు. మేం కులాసాగా ఉన్నామని నువ్వే అనేసుకున్నావు. అనుకో, ఎవరు కాదన్నారు?

పోయినేడాది స్నానాల గదిలో జారిపడ్డానని రాస్తే, చెప్పులు మార్చమని రాశావు. అలా పడ్డప్పుడే నా కుడి భుజం కండ తెగింది. జుట్టు దువ్వుకోలేకపోయాను, పెన్ను పట్టుకోలేకపోయాను. అప్పట్నుంచి నీకొచ్చిన ఉత్తరాలన్నీ నేను చెబుతుంటే మీ బావ రాసినవి. దారిన పోయేవాడి చొక్కాలో పావు అంగుళం తేడా పట్టేస్తావు, అక్క చేతిరాత పోయి కోడిగీతలొస్తే కనబడలేదు. ఏం కళ్లురా అవి?

నా ఫిజియో నన్ను గోడకెదురుగా నిలబెట్టి, వేళ్లని గోడ మీద పైకి పాకించమంది. మొదటి రోజు చెయ్యి నడుము దాటలేదు. మీ బావ చూశారు, పనిమనిషి చూసింది, చక్కెరకని వచ్చిన పక్కింటావిడ చక్కెర మరిచిపోయి మరీ చూసింది. చూడనీ! వాళ్ల కోసం నా చెయ్యి వదులుకోనా? ఏడుస్తూ ఏడు నెలలు పాకించాను.

నేను బతిమాలుతాననుకోకు. రేపు పొద్దున్న కాలు ఎత్తు. లేవకపోతే లేవలేదని నాకు రాయి, ఎల్లుండి మళ్లీ ఎత్తు. దొంగ టిక్కులు పెట్టుకునేవాడు నా తమ్ముడని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఈ కాగితం నింపడానికి ఆరు రోజులు పట్టింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, అయినా ఈసారి సరిగా చూడు.

నా చేత్తోనే,
అక్క