ఆపనివాడు

నస్పూర్,
12-8-1994.

చిన్నమ్మకు నమస్కరించి రాస్తున్నాను.

మా వనజ మెడ మీది గడ్డ లింఫోమా అని హైదరాబాదులో తేలింది. అదొక క్యాన్సర్. కణాలు మితిమీరి పెరగకుండా ఆపే ప్రొటీన్లు ఒంట్లో ఉంటాయట. వాటిలో ఒకటి చెడిపోయిందని, ఇది ఎవరి తప్పూ కాదని డాక్టర్ చెప్పారు.

తలకు నూనె రాస్తూ ఆ గడ్డను మొదట గుర్తుపట్టింది నువ్వు. అందుకే అవ్వ, సొంత చెల్లెలివని కూడా చూడకుండా, "గిది నీ బాణామతే, నడువు" అని నీ సంచిని వాకిట్లోకి విసిరింది. "నువ్వన్న జర చెప్పు బిడ్డా" అన్నావు నాతో. బడిలో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి అయ్యుండీ అవ్వను ఆపలేదు. నీ సంచి మోసుకొచ్చి నిన్ను మీ ఊరు మంథని బస్సెక్కించాను. ఆ తర్వాత రెండు నెలలు గడ్డకు మంత్రాలే వేయించాం.

ఇప్పుడు మందు ఎక్కిస్తున్నారు. దువ్వితే వనజ జుట్టు చేతికొస్తోంది. "చిన్న నాయనమ్మ ఎందుకు పోయింది బాపూ?" అని నిన్న అడిగింది. మంథని మీద మనసై పోయిందన్నాను.

రమ్మనడానికి నాకు ముఖం లేదు. అవ్వ ఇప్పటికీ నిన్నే తిడుతోంది. ఈ ఉత్తరం బడిలో కూర్చుని రాస్తున్నాను. జవాబు రాస్తే బడి చిరునామాకే రాయి, చిన్నమ్మా.