అత్తయ్య గొంతున్న డిస్కు

ఓల్గీన్,
మార్చి 9

ప్రియమైన ఇదాల్మిస్‌కు,

అంగోలాలో నీకు ఒంట్లో బాగుందని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం ఆనవాయితీ. ఒంటి వరకైతే నిజంగానే క్షేమం. ఈ ఉత్తరాన్ని మీ ఆసుపత్రికి తిరిగి వస్తున్న నర్సు చేతికిస్తున్నాను. ఫోనులో చెబుదామని రెండుసార్లు చేసి, ఎండల గురించి మాట్లాడి పెట్టేశాను.

నువ్వడిగిన వాటికి జవాబులు. వంటింటి కప్పు కారడం లేదు, మూలన మాత్రం కొద్దిగా చెమ్మ ఉంది. కాఫీ వడకట్టే గుడ్డ కొత్తది కుట్టించాను, పాతది నువ్వొచ్చేదాకా పారేయనులే. అత్తయ్య ఊగుడుకుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వడం లేదు, పిల్లి ఒక్కటే నా మాట వినదు. కరెంటు సంగతి అడక్కు. వచ్చిన కాసేపట్లో వంట చేసుకోవాలా, నా కంప్యూటర్ రిపేర్లు చేసుకోవాలా అన్నది రోజూ గొడవే.

"అమ్మ గొంతు జాగ్రత్త, సెలవుకు రాగానే ముందు అదే వింటాను" అని రాశావు. ఆమె చివరి చూపు కూడా దక్కని నీకు మిగిలింది అదొక్కటే. నాకు తెలుసు.

నీకోసం రికార్డు చేసిన రోజు మైకు పెట్టి పక్కన కూర్చోబోతే అత్తయ్య నన్ను తరిమేసింది. "అవతలికి పో నాయనా. ఇది నా కూతురికీ నాకూ మధ్య మాట. నువ్వుంటే నిన్ను తిట్టడం కుదరదు." తలుపు వేసి వచ్చేశాను. నలభై నిమిషాలు మాట్లాడింది. ముందు నువ్వే వినాలని నేను విననేలేదు. అలాగే కంప్యూటర్‌లోని రెండో డిస్కులో దాచాను. ఇంకో కాపీ తీద్దామంటే ఇంట్లో ఉన్న డిస్కులన్నీ రిపేరుకు వచ్చినవే.

ఇంతసేపూ దాటేస్తూ వచ్చిన మాట ఇప్పుడు రాస్తాను. ఆ గొంతు పోయింది. పోగొట్టింది నేనే.

జనవరిలో ఒక మధ్యాహ్నం కరెంటు రాగానే కంప్యూటర్ పెట్టాను. అది లేచింది గానీ అత్తయ్య గొంతున్న రెండో డిస్కు అందులో కనబడలేదు. తీగలు మార్చినా లాభం లేదు. డిస్కు చచ్చిందనుకున్నాను. వీధి చివర రిపేరు కొట్టు ఓస్మానీ అప్పుడే వచ్చాడు.

"విప్పకురా రిగో. ముందు నా దగ్గరికి పట్రా, నా మిషన్లో పెట్టి చూద్దాం."

"ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. నువ్వు నేర్పుతావా?"

"నేర్పడం కాదురా. నీ సొంత డిస్కు కదా, చేతులు వణుకుతాయి."

వినలేదు. కొత్తవి దొరక్క చచ్చినవాటిని విప్పి, లోపలి పళ్ళెం మీద ఇరుక్కున్న, దాన్ని చదివే ముల్లును కదిపి తిప్పించడం ఇక్కడ మాకు మామూలే. ఈసారి స్క్రూడ్రైవర్ జారింది. లోపలి పళ్ళెం మీద పొడుగ్గా గీత పడింది. ఆ తర్వాత అది తిరగలేదు.

వారం తర్వాత, బాగా పనిచేస్తున్న ఒకావిడ డిస్కును అదే చోట తగిలించాను. అదీ కనబడలేదు. కంప్యూటర్ లోపలి బోర్డు సెట్టింగులు తెరిచి చూస్తే తేదీ పదేళ్ళు వెనక్కి పోయి ఉంది. కరెంటు పోయి పోయి, బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. అది అయిపోతే బోర్డు మనం పెట్టినవన్నీ మరిచిపోయి మొదటికొస్తుంది. రెండో డిస్కు సాకెట్టును ఎప్పుడో నేనే ఆన్ చేసుకున్నాను, అది మళ్ళీ ఆఫ్ అయింది. అంతే. ఒక్క వరుస మార్చగానే ఆవిడ డిస్కు కనబడింది. మన డిస్కుకు ఏ జబ్బూ లేదు ఇదాల్మిస్. డిస్కు కనబడకపోతే ముందు సెట్టింగులు చూడమని వందమందికి చెప్పినవాణ్ణి, నా ఇంటి మిషను కదా అని చూడలేదు.

ఓస్మానీకి చెప్పాను. కాఫీ పోశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అందులో ఏముందో ఇక ఎవరికీ తెలియదు. తలుపు ఇవతల నాకు వినబడింది రెండే. ఒకసారి దగ్గింది. ఒకసారి చాలాసేపు నవ్వింది, మంచం పట్టాక అలా నవ్వడం అదే మొదటిసారి. లోపలికి వెళ్ళి ఎందుకు నవ్వావు అత్తయ్యా అని అడిగితే, "దానికి తెలుస్తుందిలే" అంది.

నీకు తెలిస్తే నాకు రాయి.

ఇట్లు,
నీ భర్త, మీ అమ్మకు అల్లుడు,
రిగోబెర్తో