అత్తమ్మ దమ్ము

జులై 7, సోమవారం

పదో తరగతి తర్వాత కిరాణా చిట్టీ తప్ప నేనేమీ రాయలేదు. ఇవాళ ఈ నోటుబుక్కు కొన్నాను. కారణం కోపం. నాకు గొంతు పెద్దగా రాదు. పక్కింటివాళ్లు ఒక్క మాటను రెండుసార్లు చెప్పించుకుంటారు. నోటితో తీయలేని కోపాన్ని దేవుడి ముందుకు మోసుకుపోతున్నాను. పొద్దున లలితా సహస్రనామం చదువుతుంటే అమ్మవారి నామాల మధ్య ఇన్సూరెన్స్ వాళ్ల మాటలు దూరుతున్నాయి. వాటికి ఇక్కడ చోటిస్తే అక్కడ ఖాళీ అవుతుందేమో.

మా నవతకు సెప్టెంబర్‌లో కాన్పు. అల్లుడు శివకృష్ణ ఆఫ్రికాలో, దార్ ఎస్ సలామ్‌లో ఒక మిల్లులో లూమ్ ఫిట్టర్. నేను నాలుగు నెలలు వెళ్లి ఉండాలి. నవత వాళ్ల బాపమ్మను కూడా తీసుకురమ్మంటోంది. నేను చీరలకు లేసు కుట్టే పనికి పోతే దాన్ని సాకింది అత్తమ్మే. పసిబిడ్డకు బాపమ్మే నీళ్లు పోయాలట. ఆ మాట విన్నప్పటి నుంచి అత్తమ్మ నడకే మారింది.

అల్లుడిది ఒకటే షరతు. ఇన్సూరెన్స్ లేకుండా బాపమ్మను విమానం ఎక్కించొద్దు, ఇక్కడ ఆస్పత్రిలో పడితే నేను తట్టుకోలేను అన్నాడు. అందులో తప్పేం లేదు.

అత్తమ్మ సారక్కకు డెబ్బై మూడు. ఆ అంకె చెప్పగానే ఫోన్‌లో గొంతులు మారిపోతున్నాయి. ఒకమ్మాయి సారీ అని పెట్టేసింది. ఇంకొకతను ఈ వయసులో ఆమెకు ఫారిన్ ఎందుకండీ అని నవ్వాడు. నేను థాంక్యూ అన్నాను. ఎందుకన్నానో తెలియదు. సాయంత్రం దాకా ఆ థాంక్యూ నోట్లో చేదుగా ఉంది.

జులై 10, గురువారం

కమలాకర్ వచ్చాడు. మన తెలుగువాళ్ల పిల్లవాడే. మేం మగ్గాల పని కోసం వలస వచ్చిన ఈ ఊళ్లోనే, నవాగామ్‌లో పుట్టి పెరిగాడు, ఇప్పుడు వరాఛాలో ఇన్సూరెన్స్ ఏజెంట్. టెన్షన్ నహీ ఆంటీ, ఎనభై దాకా తీసుకునే కంపెనీ ఉంది అన్నాడు. కాకపోతే ముందు కంపెనీ డాక్టర్ ఫోన్ చేసి ఆరోగ్యం గురించి అడుగుతుందట. బీపీ గీపీ ఏం చెప్పొద్దు దాదీ, అన్నిటికీ నా, లేదు అనెయ్ అని అత్తమ్మకు పాఠం చెప్పాడు.

అత్తమ్మ అంతా విని, దినాం మింగే గోలీని మింగుతలేనంటే రేపటి సంది అది పనిచేస్తదా బిడ్డా అంది.

అతను నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. లోపల మాత్రం సంతోషపడ్డాను.

జులై 14, సోమవారం, మధ్యాహ్నం

ఫోన్ వచ్చింది. డాక్టరమ్మ హిందీలో మాట్లాడింది. పక్కన ఎవరూ మాట్లాడకూడదని మొదటే చెప్పింది. నేను పెదవులు బిగించుకుని కూర్చున్నాను. బీపీ ఉందా అంటే ఉంది అని చెప్పేసింది అత్తమ్మ, గోలీ రంగుతో సహా. డాక్టరమ్మ పరవాలేదంది. తర్వాత మెట్లు ఎక్కగలరా అని అడిగింది. అత్తమ్మ తన హిందీలో మూడో మంజిల్ చఢ్‌తీ, బీచ్ మే దమ్ము లేతీ అంది, మూడో అంతస్తు ఎక్కుతా, నడుమ దమ్ము తీసుకుంటా అని. దమా అని అడిగింది డాక్టరమ్మ. హా, దమ్ము అంది అత్తమ్మ. ఎప్పటి నుంచి అని అడిగితే, ఈ మూడో మంజిల్ రూముకు వచ్చినప్పటి సంది, ఇరవై ఏండ్లు అని గర్వంగా చెప్పింది.

డాక్టరమ్మ ధన్యవాద్ అని పెట్టేసింది. బాగా చెప్పిన గద అని అత్తమ్మ నన్ను అడిగింది. బాగా చెప్పారు అన్నాను. ఏదో తేడాగా అనిపించింది గానీ అర్థం కాలేదు.

జులై 18, శుక్రవారం

పాలసీ ఇవ్వరట. ఇరవై ఏళ్లుగా ఆస్తమా అట.

జులై 19, శనివారం

లేని రోగాన్ని ఒక్క మాటతో అంటించారు. మన దగ్గర నడుమ దమ్ము తీసుకోవడమంటే కాసేపు ఆగడం. అంతే. బస్సు కూడా స్టాండులో దమ్ము తీసుకుంటుంది అంటాం. హిందీలో దమా అంటే ఉబ్బసం. డాక్టరమ్మ మన దమ్మును దమా చేసి రాసుకుంది.

ఇంట్లో అందరూ అత్తమ్మనే అంటున్నారు. మా ఆయన షిఫ్ట్ నుంచి వచ్చి, నోరు మూసుకుంటే అయిపోవు గద అమ్మా అన్నారు. మరిది గణపతి డిండోలీ నుంచి ఫోన్ చేసి, డెబ్బై దాటినంక విమానాలేందే, ఇంటి కాడ రామా కృష్ణా అనుకో అన్నాడట. మరి ఆ నాలుగు నెలలు మీ ఇంట్లో ఉంచుకుంటారా అని తోటికోడలు లతను అడిగాను. అక్కా, మా ఇల్లు నీకు తెల్వదా, కాళ్లు సాపుకునే జాగ లేదు అంది. కిందటి దీపావళికి ఆ జాగాలోనే సోఫా వేశారు.

అత్తమ్మ నిజం చెప్పినందుకు తల వంచుకుని పప్పులో రాళ్లు ఏరుతోంది. అది చూడలేకపోతున్నాను.

జులై 21, సోమవారం

ఒక్కదాన్నే వరాఛా వెళ్లాను. కమలాకర్ ఇంకో కంపెనీకి అప్లై చేద్దాం ఆంటీ, ముందు ఎవరైనా రిజెక్ట్ చేశారా అని అడిగితే నా అనండి అన్నాడు. నేను దమ్ము అంటే ఏమిటో చెప్పాను. అతను నోరు తెరిచాడు. అరే, నేను కూడా దమా అనే అనుకున్నా ఆంటీ, మా అమ్మ దినాం అంటది దమ్ము తీసుకోనీరా అని, పాపం ఆమెకు దమా ఉందనుకుని మందు కూడా తెచ్చిన అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. నీ తల్లి మాట నీకే తెలియకపోతే ఫోన్‌లో ఆ డాక్టరమ్మకేం తెలుస్తుంది, ఇప్పుడే కంపెనీకి ఫోన్ చెయ్యి, ఆ రికార్డింగ్ మళ్లీ వినమను అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పక్క టేబుళ్ల వాళ్లు తిరిగి చూశారు. అతను ఫోన్ చేశాడు. ఊపిరి పరీక్ష చేయించి రిపోర్ట్ పంపితే మళ్లీ చూస్తారట.

జులై 25, శుక్రవారం

శ్రావణం మొదటి శుక్రవారం. తలస్నానం చేసి, పసుపు రాసుకుని, గెలిచినట్టే ఆస్పత్రికి వెళ్లాను.

అత్తమ్మ గొట్టంలో ఊదింది. మళ్లీ ఊదమన్నారు. మళ్లీ. డాక్టర్ కాగితం చూసి, ఏం పని చేసేవారు మాతాజీ అని అడిగాడు. లూమ్ ఖాతాలో బాబిన్లు చుట్టిన, గణపతి పెండ్లి దాకా అంది. ఇక్కడ మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. ఆస్తమా కాదు అన్నాడు డాక్టర్. నూలు దుమ్ము. ఊపిరి గొట్టాలు సన్నబడ్డాయట. విమానం ఎక్కవచ్చు, ఈ స్ప్రే దగ్గర పెట్టుకోవాలి, వదలకూడదు అన్నాడు.

దమ్ము కాదు, దుమ్ము.

బయటికి వచ్చాక అత్తమ్మే అంది, గింత దుమ్ము తిన్నంక దమ్మేడికెళ్లి ఉంటదే పిల్లా అని. నవ్వింది కూడా.

ఎవరి మీద కోప్పడాలి. ఎంతమంది సేఠ్‌ల దగ్గర పనిచేసింది. సారక్కా, మెట్లెక్కితే నీకెట్లుంటది అని ఒక్కడు అడిగాడా. మెట్ల మధ్యలో ఆమె ఆగితే కూరగాయల సంచీతో వెనక నిలబడి నేనూ విసుక్కున్నాను. ఆ ప్రశ్న మొదటిసారి అడిగింది కంపెనీ. అదీ ఇవ్వకుండా తప్పించుకోవడానికి.

జులై 30, బుధవారం

పాలసీ వచ్చింది. కాలు విరిగితే ఇస్తారు. గుండెకు ఇస్తారు. బీపీకి కూడా ఇస్తారు. సామాను పోయినా ఇస్తారు. ఊపిరికి మాత్రం ఇవ్వరు.

అత్తమ్మకు ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. సామాను మాట మళ్లీ చదివించుకుని, ఇద్దరం సంచులే పోగొట్టుకుందాం తియ్ అంది. పోతారా అని అడిగాను. పోత. ఈడ ఉంటే మాత్రం ఊపిరికి ఎవడిస్తుండు అంది.

ఆగస్టు 3, ఆదివారం

అల్లుడు ఫోన్ చేసి అన్నీ కవరేనా అత్తయ్యా అని అడిగాడు. అన్నీ కవరే అన్నాను. ఎప్పటిలాగే మెల్లగా. అతను రెండోసారి అడగలేదు.

అత్తమ్మ పక్కనే కూర్చుని వింది. నా అంతట నేను చెప్ప, గానీ ఆ పిలగాడు నన్నడిగితే ఉన్నదే చెప్త అంది.

అతను అడగకూడదని దేవుడికి మొక్కుకున్నాను. ఈ పుస్తకం ఎవరి చేతికి వచ్చినా పారేయవద్దు, దాచండి. ఎవరికీ చూపించకండి.